కత్తెర లేని కత్తిరింపు

బాలలూ! మీ ఇంట్లో అమ్మ పూలమాల కట్టేటప్పుడు ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? బుట్టలోని పూలన్నిటినీ ఆమె మాలలోకి ఎక్కించదు. వాడినవాటిని ఏరి పక్కన పడేస్తుంది. నాలుగు మల్లెల తర్వాత ఒక కనకాంబరం, ఆ తర్వాత ఒక మరువం రెబ్బ చేరుస్తుంది. పక్కింటివారూ అవే పూలు కొన్నారు, అదే దారం వాడారు. అయినా ఆ మాల వేరు, మీ అమ్మ కట్టిన మాల వేరు. తేడా పూలలో లేదు. ఏరడంలోనూ, కూర్చడంలోనూ వున్నది.

సినిమా కూడా ఇటువంటి మాలే. తీసిన బొమ్మలన్నీ మనకు చూపరు. అవసరమైనవి ఏరి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి, కథగా కూర్చుతారు. ఈ పనినే ఎడిటింగు అంటారు. మన తెలుగు సినిమాల పేర్లలో "కూర్పు" అని కనిపిస్తుందే, అది ఇదే.

ఒకప్పుడు ఈ పని చేయాలంటే స్టూడియో కావాలి, యంత్రాలు కావాలి, ఏళ్ళ తరబడి గురువు దగ్గర నేర్చుకున్న చెయ్యి కావాలి. ఇప్పుడో? కంప్యూటరులో మీరు పాఠాలు వెతుక్కునే బ్రౌజరు వున్నదే, ఆ కిటికీలోనే వీడియోను కూర్చే పనిముట్లు వచ్చాయి. వాటికి కృత్రిమ మేధ కూడా తోడైంది. మీట నొక్కితే అదే కత్తిరిస్తుంది, అదే అతికిస్తుంది, మాటలు విని అక్షరాలు కూడా రాస్తుంది.

ఇవి ఎలా పుట్టాయి, ఎలా పనిచేస్తాయి, ఏ పని వీటివల్ల కాదు అన్నది ఈ నెల చెప్పుకుందాం. చివర మా వూరి కుర్రవాడి సంగతి ఒకటి వున్నది. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం రాయడానికి కారణం వాడే.

కదలని బొమ్మల కదలిక

ముందుగా ఒక రహస్యం. కదిలే బొమ్మలనేవి అసలు కదలవు! సినిమా తెరమీద ఒక్క సెకండులో 24 బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపోతాయి. ఒక్కొక్కటీ కదలకుండా నిలిచివున్న బొమ్మే. అంత వేగంగా మారడంవల్ల మన కంటికీ, మెదడుకూ అవి కలిసిపోయి కదిలినట్టు తోస్తుంది. ఈ లెక్కన ఒక నిమిషానికి 1440 బొమ్మలు. సినిమాకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక అడుగుకు 16 బొమ్మలు పడతాయి. అంటే నిమిషానికి 90 అడుగుల ఫిల్ము కావాలి. మూడు గంటల సినిమాకు ఎన్ని అడుగులు అవుతుందో మీరే గుణించి చూడండి. నేను చెప్పను! (జవాబు వ్యాసం చివర వున్నది. లెక్క చేయకుండా అక్కడికి దూకవద్దు.)

1895 డిసెంబరు 28న పారిస్ నగరంలో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి పది చిన్న చిత్రాలు ప్రదర్శించారు. ఒక్కొక్కటి నిమిషం కూడా లేదు. కెమెరాను ఒకచోట నిలబెట్టడం, చేతితో తిప్పడం, ఫిల్ము అయిపోగానే ఆపడం, అంతే. కత్తిరించి అతికించే సంగతి ఆ చిత్రాలలో లేదు.

ఆ తర్వాత కొద్దికాలానికే మెలియే అనే ఫ్రెంచి ఇంద్రజాలికుడికి ఒక తమాషా ఎదురైంది. ఈ కథ ఆయన స్వయంగా చెప్పుకున్నదే. పారిస్ వీధిలో ఆయన చిత్రం తీస్తూవుంటే కెమెరా బిగుసుకుపోయింది. దాన్ని సరిచేయడానికి ఒక నిమిషం పట్టింది. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. తీరా తెరమీద వేసి చూస్తే, వీధిలో పోతున్న బండి ఉన్నట్టుండి శవాన్ని మోసుకుపోయే బండిగా మారిపోయింది! కెమెరా ఆగిన ఆ నిమిషంలో మొదటి బండి వెళ్ళిపోయింది, రెండోది ఆ చోటికి వచ్చింది. అంతే జరిగింది. కాని చూసేవారికి మాత్రం అది మాయ. రెండు ముక్కల మధ్య వున్న కాలాన్ని తీసేస్తే లేనిది పుట్టుకొస్తుందని ఆయన గ్రహించాడు. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు మళ్ళీ పని వున్నది.

సుమారు నూరేళ్ళ కిందట రష్యా దేశంలో కులెషోవ్ అనే దర్శకుడు దీనికంటే చిత్రమైన పరీక్ష చేశాడు. ఒక నటుడి ముఖాన్ని తీసుకున్నాడు. అందులో సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. ఆ ముఖం పక్కన ఒకసారి పులుసు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక యువతి వచ్చేటట్టు అతికించాడు. చూసినవారు "ఆహా, ఆకలి ఎంత బాగా నటించాడు! దుఃఖం ఎంత బాగా చూపించాడు!" అని మెచ్చుకున్నారట. ముఖం మాత్రం ఒక్కటే! మారింది పక్కనున్న బొమ్మే.

మన తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. 1957లో వచ్చిన "మాయాబజార్"లో ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్లు వాటంతట అవే ఎగిరివచ్చి నోట్లో పడడం మీలో చాలామంది చూసే వుంటారు. అప్పుడు సినిమా పనికి కంప్యూటర్లు లేవు. కె. వి. రెడ్డిగారి దర్శకత్వం, మార్కస్ బార్ట్లేగారి కెమెరా, జంబులింగంగారు, కల్యాణసుందరంగార్ల కూర్పు, వీటితోనే ఆ మాయ అంతా జరిగింది.

ఆ రోజుల్లో కూర్పు అంటే నిజంగా కత్తెర పనే. 1924లో అమెరికాలో సెరూరియే అనే ఆయన తయారుచేసిన "మూవియోలా" అనే యంత్రం ఈ పనికి ఆధారం. దానిలో ఫిల్మును ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, గుర్తు పెట్టి, కత్తిరించి, అతికించేవారు. కోసిన ముక్కలు ఉతికి ఆరేసిన బట్టల్లాగా కొక్కేలకు వేలాడుతూ వుండేవి. అందులో ఏదైనా చిన్నముక్క తప్పిపోతే గదంతా వెతకవలసిందే!

పుస్తకం చింపకుండా పేజీలు తీసేయడం

తర్వాత బొమ్మలు ఫిల్ము మీదనుంచి కంప్యూటరులోకి వచ్చాయి. 1989లో "ఆవిడ్" అనే సంస్థ కంప్యూటరు మీద సినిమాను కూర్చే యంత్రాన్ని ప్రదర్శించింది. 1997లో కూర్పుకు ఆస్కారు బహుమతి పొందిన "ది ఇంగ్లీష్ పేషెంట్" చిత్రాన్ని వాల్టర్ మర్చ్ ఆ పద్ధతిలోనే పూర్తిచేశాడు.

ఈ పద్ధతిలో గొప్ప సుఖం ఏమిటో తెలుసా? ఇందులో దేన్నీ నిజంగా కత్తిరించరు. ఒక పుస్తకం ఇచ్చి, "12వ పేజీ నుంచి 14 వరకు చదువు, తర్వాత 30వ పేజీకి పో" అని చీటీ రాసి ఇచ్చామనుకోండి. పుస్తకం చిరగదు, చదివేవాడికి మాత్రం కొత్త వరస వస్తుంది. కంప్యూటరు చేసేదీ అదే. అసలు వీడియో అలాగే వుంటుంది. ఎక్కడినుంచి ఎక్కడివరకు చూపాలో ఒక చీటీ తయారవుతుంది. తప్పు చేస్తే చీటీ మార్చుకుంటే చాలు. ఫిల్ముముక్క కోసం గదంతా వెతకనక్కరలేదు.

మరి ఈ పని బ్రౌజరులోకి రావడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? దీనికి లెక్క చూడాలి. వీడియోలో ఒక్కొక్క బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. గుణిస్తే 20,73,600 చుక్కలు. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత వున్నాయో మూడు అంకెలు కావాలి. అంటే ఒక్క బొమ్మకే 62,20,800 అంకెలు! సెకండుకు 25 బొమ్మలనుకుంటే నిమిషానికి 933 కోట్ల పైచిలుకు!

ఇన్ని అంకెలను యథాతథంగా ఎవరూ మోయలేరు. అందుకని ఒక ఉపాయం చేస్తారు. తరగతిలో హాజరు వేసే మాస్టారు రోజూ నలభై పేర్లూ రాయకుండా, "నిన్న వచ్చినవారే, ముగ్గురు తప్ప" అని రాసుకుంటే ఎంత పని తగ్గుతుంది! వీడియోలో కూడా అంతే. ఒక బొమ్మను పూర్తిగా దాచి, దాని తర్వాతి బొమ్మలలో మారిన భాగాన్ని మాత్రమే రాస్తారు. మీ వెనకనున్న గోడ కదలదు గనుక దాన్ని మాటిమాటికీ రాయనక్కరలేదు. అయితే ఇలా కుదించినదాన్ని విప్పడానికీ, మళ్ళీ కుదించడానికీ కంప్యూటరు బాగా శ్రమపడాలి.

బ్రౌజరు పుట్టింది పేజీలు చూపించడానికి. ఇంత బరువు పని దానిచేత కాలేదు. 2010లో యూట్యూబ్ తన పేజీలోనే ఒక చిన్న కూర్పు పనిముట్టును పెట్టి, 2017లో తీసేసింది. అయితే అదే 2017 నాటికి "వెబ్ అసెంబ్లీ" అనే కొత్త పద్ధతి పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది. దానివల్ల బరువైన ప్రోగ్రాములు కూడా బ్రౌజరులో వేగంగా నడవసాగాయి. 2021లో క్రోమ్ బ్రౌజరుకు "వెబ్ కోడెక్స్" అనే సౌకర్యం తోడైంది. వీడియోను విప్పడానికీ, కుదించడానికీ కంప్యూటరులో వున్న ప్రత్యేక యంత్రభాగాన్ని బ్రౌజరు నేరుగా వాడుకునే వీలు దానితో కలిగింది.

ఈ దారిలో ముందుగా నడిచినవారిలో ఆస్ట్రేలియా దేశంలోని బ్రిస్బేన్ నగరంలో 2013లో మొదలైన "క్లిప్‌చాంప్" సంస్థ ఒకటి. వీడియోను ఎక్కడికో పంపకుండా మీ కంప్యూటరులోనే, బ్రౌజరులోనే పని జరిపించడం వారి పద్ధతి. 2021లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొన్నది.

ముగ్గురు విద్యార్థుల ప్రయత్నం

ఇక కృత్రిమ మేధ సంగతి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కళనూ యంత్రవిద్యనూ కలిపి నేర్పే ఒక శాఖ వున్నది. అక్కడ ముగ్గురు విద్యార్థులు కలుసుకున్నారు. వాలెన్సుయెలా, మాటమాలా అనే ఇద్దరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశంవారు, జర్మనిదిస్ అనే మూడో అతను గ్రీసు దేశంవాడు. చదువుకోసం మొదలుపెట్టిన పనినే పెంచి, 2018లో వారు "రన్‌వే" అనే సంస్థను స్థాపించారు. 

మొదట వారు విడుదల చేసింది వీడియోను కూర్చే పనిముట్టు కాదు. శాస్త్రజ్ఞులు తయారుచేసిన కృత్రిమ మేధ పద్ధతులను, ప్రోగ్రాము రాయడం రాని చిత్రకారులు కూడా వాడుకోవడానికి వీలైన పనిముట్టు అది. తర్వాత బ్రౌజరులోనే వీడియోను కూర్చే పనిముట్టును తెచ్చారు. అందులో ఒక సౌకర్యం అందరినీ ఆకర్షించింది. వీడియోలో ఒక మనిషిమీద గుర్తు పెడితే చాలు, ఆ మనిషిని వెనకనున్న దృశ్యంనుంచి వేరుచేసి, అతను కదిలినకొద్దీ వెంబడిస్తూ ముక్క కోసి ఇస్తుంది!

ఇది ఎంత కష్టమైన పనో తెలియాలంటే 1915 నాటికి పోవాలి. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ అనే ఆయన ఒక్కొక్క బొమ్మను అద్దం మీద పడేటట్టు చేసి, చేతితో అంచు గీసే యంత్రాన్ని కనిపెట్టాడు. ఆ పద్ధతిలో ఐదు సెకండ్ల ముక్కకు 120 బొమ్మలు గీయాలి. వెంట్రుకలు గాలికి ఎగిరితే ఇక గీసేవాడి పాట్లు చెప్పనక్కరలేదు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఈ అంచులు గీసే పని చాలాకాలం మనుషుల చేతిమీదుగానే సాగింది.

2022లో వచ్చిన "ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్" అనే అమెరికా చిత్రంలో (అది పెద్దలకోసం తీసిన చిత్రం సుమా!) ఒక ఘట్టం వున్నది. ఒక కొండకొమ్మున రెండు రాళ్ళు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటాయి. ఆ ఘట్టానికి పనిచేసిన హాలెక్ అనే అతను రన్‌వే పనిముట్టుతో రాళ్ళను వెనకటి దృశ్యంనుంచి వేరుచేశాడు. ఆ చిత్రానికి మాయాదృశ్యాలు చేసిన బృందం చాలా చిన్నది. 2023లో ఆ చిత్రానికి ఏడు ఆస్కారు బహుమతులు వచ్చాయి. అందులో కూర్పుకు వచ్చినది ఒకటి.

ఆ రాళ్ళు మాట్లాడుకుంటాయి అన్నానా? మాటలు వినిపించవు. తెరమీద అక్షరాలు కనిపిస్తాయి, గాలి చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అంతమంది జనం ఆ మౌనాన్ని కూర్చుని చూశారు. ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఇటువంటి పనిముట్టును విడుదల చేయడం అంటే ఏమిటి? వెనకటికి ప్రోగ్రామును డిస్కు మీద ఎక్కించి, పెట్టెలో పెట్టి, దుకాణాలకు పంపేవారు. తప్పు దొరికితే మళ్ళీ కొత్త డిస్కు చేయాలి. బ్రౌజరు పనిముట్టుకు డిస్కు లేదు, దుకాణం లేదు. తయారుచేసినవారు తమ పెద్ద కంప్యూటరులో పెట్టి చిరునామా ప్రకటిస్తే చాలు, ఆ క్షణంలోనే మన వూళ్ళోనూ తెరుచుకుంటుంది. రాత్రి తప్పు దిద్దితే తెల్లవారేసరికి అందరికీ దిద్దినదే వస్తుంది.

తయారుచేసేవారు కొందరికి ముందుగా ఇచ్చి వాడి చూడమంటారు. పాత కంప్యూటరులో నడుస్తుందా? సన్నపు ఇంటర్నెట్టులో నడుస్తుందా? నల్లని చర్మం వున్నవారి ముఖం అంచులు కూడా తెల్లనివారి అంచులంత బాగా పట్టుకుంటుందా? ఇంగ్లీషు మాటలే కాక ఇతర భాషలు వింటుందా? ఇవన్నీ పరీక్షించాలి. ఈ పరీక్షలో ఎవరిని మరచిపోతే వారికి ఆ పనిముట్టు సరిగా పనిచేయదు.

యంత్రం ఎలా నేర్చుకుంటుంది?

చంటిపిల్లవాడికి ఆవును మనం ఎలా నేర్పుతాం? "నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక" అని నిర్వచనం చెప్పం. "అదుగో ఆవు, ఇదుగో ఆవు" అని చూపిస్తాం. వాడు గేదెను చూసి "ఆవు" అంటే "కాదు నాన్నా, అది గేదె" అంటాం. కొన్నాళ్ళకు వాడికే తెలిసిపోతుంది. యంత్రానికీ ఇదే పద్ధతి. మనుషులు అంచు గీసిపెట్టిన బొమ్మలను వేలకు వేలు చూపిస్తారు. అది ఊహించి గీస్తుంది. తప్పు ఎంతో లెక్కగట్టి లోపలి అంకెలను కొద్దిగా సర్దుతారు. ఇలా లక్షలసార్లు జరిగాక, కొత్త బొమ్మ చూపినా మనిషి ఎక్కడ, గోడ ఎక్కడ అని చెప్పగలుగుతుంది. మాటలు విని అక్షరాలు రాయడం కూడా ఇలాగే నేర్చుకుంటుంది.

కాని కొన్ని మీటల వెనక ఇంత చదువు కూడా వుండదు. ఉదాహరణకు "మౌనం తీసేయి" అనే మీట. శబ్దం ఒక హద్దుకంటే తగ్గి, అర సెకండో ఒక సెకండో అలాగే వుంటే ఆ ముక్కను కోసి పారేయడమే దాని పని. అది కొలిచేది శబ్దం ఎంత వున్నదని. ఎందుకు లేదని అడగడం దానికి తెలియదు.

ఆయమ్మ ఏదీ?

ఇక మా వూరి కుర్రవాడి కథ. 2025 జనవరిలో మా వూరి పాఠశాలలో ఒక చిన్న సభ జరిగింది. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిన ముసలామె పని మానుకుంటున్నది. పిల్లలందరూ ఆమెను ఆయమ్మ అంటారు. పిల్లల తరఫున మాట్లాడడానికి ఏడో తరగతి కుర్రవాడు ఒకడు లేచాడు. అందరం ఆశ్చర్యపోయాం. ఎందుకంటే వాడికి నత్తి. పేరు చెప్పడానికే ఒక్కొక్కసారి అర నిమిషం పడుతుంది.

వాడు మాట్లాడాడు. ఆగాడు. మళ్ళీ మాట్లాడాడు. వాడు చెప్పినది ఇది: "అన్నం వడ్డించేటప్పుడు నేను 'ఇంకొంచెం' అని అడగాలంటే చాలాసేపు పడుతుంది. నా వెనక వరసలో వున్నవాళ్ళు తోస్తారు. ఆయమ్మ మాత్రం నా మాట పూర్తయ్యేదాకా గరిటె పట్టుకుని నిలబడుతుంది." ఇంత చెప్పడానికి వాడికి నాలుగు నిమిషాల పైన పట్టింది.

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. సభ అంతా ఫోనులో తీసింది. మర్నాడు కంప్యూటరు ముందు కూర్చుని, బ్రౌజరులో ఇటువంటి పనిముట్టు ఒకటి తెరిచింది. పక్కన నేను కూర్చున్నాను. "మౌనం తీసేయి" మీట నొక్కింది. నాలుగు నిమిషాల పది సెకండ్ల ప్రసంగం కన్ను మూసి తెరిచేలోపల ఒక నిమిషం నలభై సెకండ్లయింది! కుర్రవాడు ఏటినీటిలాగా గలగల మాట్లాడేస్తున్నాడు. నత్తి జాడ లేదు. "చూశావా తాతయ్యా, వాడు ఎంత సంతోషిస్తాడో!" అన్నది మనవరాలు. నాకూ అలాగే తోచింది. వాడిని పిలిపించాం.

వాడు రెండుసార్లు చూశాడు. సంతోషించినట్టు కనబడలేదు. కొంతసేపటికి అన్నాడు: "బాగానే వుంది మాస్టారూ. కాని... ఇందులో ఆయమ్మ ఏదీ?"

నాకు అర్థం కాలేదు. అసలు వీడియో వేసి చూశాం. వాడు మాట రాక అన్నిటికంటే ఎక్కువసేపు ఆగినచోట, వేదిక చివర కూర్చున్న ఆయమ్మ చెయ్యి కొద్దిగా ఎత్తి, "తొందర లేదులే నాయనా" అన్నట్టు ఊపింది. వాడు ఆమెవైపు చూశాడు. తర్వాతనే మాట వచ్చింది. ఇది మొత్తం నిశ్శబ్దంలో జరిగింది. అందువల్ల యంత్రం మొత్తం కోసేసింది. మెలియే బండి సంగతి గుర్తున్నదా? రెండు ముక్కల మధ్య కాలాన్ని తీసేస్తే లేనిది పుడుతుంది. దానితోపాటు వున్నది మాయం కూడా అవుతుంది.

బాలలూ, ఇక్కడ నా తప్పు ఒకటి మీకు చెప్పాలి. ముప్పైయేళ్ళకు పైగా నేను పిల్లలకు చదువు చెప్పాను. నత్తి వున్న పిల్లలు నా తరగతిలో ఎందరో కూర్చున్నారు. వాళ్ళు జవాబు చెబుతూ ఆగితే, మిగిలిన మాట నేనే అందించేవాణ్ణి. సాయం చేస్తున్నానని అనుకున్నాను. పాఠం ముందుకు సాగాలని తొందర కూడా వుండేది. అంటే ఆ యంత్రం ఒక్క క్షణంలో చేసిన పని నేను ముప్పైయేళ్ళు చేశాను! యంత్రానికి తెలియదు. నాకు తెలియవలసింది. చదువు రాని ఆయమ్మకు తెలిసింది.

మనవరాలు ఏమీ అనకుండా చీటీని వెనక్కు తిప్పింది. అసలు వీడియో చెక్కుచెదరలేదు కదా! ఈసారి కుర్రవాణ్ణే పక్కన కూర్చోబెట్టుకున్నది. ఏది వుంచాలో, ఏది తీయాలో వాడే చెప్పాడు. మైకు కీచుమన్న చప్పుడు తీయించాడు. ఎవరో కుర్చీ ఈడ్చినది తీయించాడు. మాట కోసం వెతుక్కున్నచోట్లు మాత్రం ఒక్కటీ తీయనివ్వలేదు. పనిముట్టు రాసిన అక్షరాలు చూసి మాత్రం ముగ్గురమూ నవ్వుకున్నాం. "ఆయమ్మ" అన్నచోట "అయ్యో అమ్మా" అని రాసింది! వాటిని వాడే దిద్దాడు. పూర్తయిన వీడియోను ముందుగా ఆయమ్మకు చూపించి, ఆమె సరేనన్నాకనే బడిలో వేశారు. మూడు నిమిషాల యాభై సెకండ్లు. ఒక్క పిల్లవాడు కూడా మధ్యలో కదలలేదు.

దీనివల్ల ఆ పనిముట్టు చెడ్డదని అనుకోకండి. కీచు చప్పుడు తీసింది అదే, అక్షరాలు చాలావరకు సరిగ్గా రాసింది అదే. స్టూడియో లేని పల్లెలో, పాత కంప్యూటరు మీద, తొమ్మిదో తరగతి పిల్ల ఈ పని చేయగలిగింది. నా చిన్నతనంలో ఇది కలలోకూడా లేదు. అయితే ఎక్కడ కోయవచ్చునో యంత్రం చెబుతుంది. ఎక్కడ కోయకూడదో ఆ మనిషిని ఎరిగినవారు చెప్పాలి.

మీరే చేసి చూడండి

ఒక కాగితం మీద నవ్వకుండా, ఏడవకుండా వున్న ముఖం ఒకటి గీయండి. వేరే మూడు కాగితాల మీద భోజనం పళ్ళెం, విరిగిన బొమ్మ, ఎగురుతున్న గాలిపటం గీయండి. ముఖం చూపించి, వెంటనే ఒక్క బొమ్మ మాత్రం చూపించి, "వీడు ఏమనుకుంటున్నాడు?" అని ఒక స్నేహితుణ్ణి అడగండి. మరొక స్నేహితుడికి రెండో బొమ్మ, ఇంకొకరికి మూడో బొమ్మ చూపండి. జవాబులు రాసుకుని పోల్చండి. కులెషోవ్ చేసిన పరీక్ష మీ చేతుల మీదుగా జరిగినట్టే. వీడియో చూసినప్పుడల్లా "దీని పక్కన ఇది ఎవరు పెట్టారు? మధ్యలో ఏమి తీసేశారు?" అని అడగడం అప్పుడు మీకే అలవాటవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. బ్రౌజరులో తెరుచుకున్నంతమాత్రాన వీడియో ఇంట్లోనే వున్నదని అనుకోవద్దు. కొన్ని పనిముట్లు మన కంప్యూటరులోనే పనిచేస్తాయి. కొన్ని వీడియోను దూరాన వున్న కంప్యూటర్లకు పంపి పని చేయించుకుంటాయి. ఏది ఏ రకమో నిబంధనలు చదివి తెలుసుకోండి. పిల్లల ముఖాలు, గొంతులు వున్న వీడియోలను ఎక్కించే ముందు పిల్లలతో పాటు మీరూ కూర్చోండి. ఇతరులు కనిపించే వీడియో అయితే వారిని అడిగి వారి అనుమతి తీసుకోమని పిల్లలకు నేర్పండి.

ఇక లెక్కకు జవాబు: మూడు గంటలంటే 180 నిమిషాలు, నిమిషానికి 90 అడుగుల చొప్పున 16,200 అడుగులు. మీకూ అంతే వచ్చిందా? భేష్!

మరొక్క మాట చెప్పి ముగిస్తాను. మీ తరగతిలో ఎవరైనా మాటకోసం వెతుక్కుంటూ ఆగితే, ఆ మాట మీరు అందించకండి. కొంచెం ఆగండి. వాళ్ళే చెబుతారు.